మన పేజీ మనమే కట్టుకుందాం – 4వ పాఠం: ‘నా గురించి’ (ముందు ఆ ప్రశ్నార్థకాల సంగతి)

పోయిన పాఠం చివర ‘మీ పేరు, ఊరు తెలుగులో కొట్టి, సేవ్ చేసి, బ్రౌజర్‌లో తెరవండి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి నుంచి వచ్చిన ఫోటోలు చూస్తే చాలామంది పేర్లు ప్రశ్నార్థకాలైపోయాయి. కొందరికి డబ్బాలు వచ్చాయి, కొందరికి ఏదో యూరప్ భాష వచ్చింది. ‘సర్, మెటా లైను పెట్టాను, అయినా రావట్లేదు’ అని అందరిదీ ఒకటే మాట. (పేజీలో అక్షరాలు ఏ పద్ధతిలో దాచి ఉన్నాయో బ్రౌజర్‌కు చెప్పే లైను అది.) మూడూ మూడు వేర్వేరు జబ్బులు. మెటా లైనుతో నయమయ్యేది వాటిలో ఒకటే.

డబ్బాలు వస్తే ఆ మెషీన్‌లో తెలుగు ఫాంట్ లేదు. వేసుకోండి, అంతే.

యూరప్ భాషలా కనబడేది ఇలా ఉంటుంది: నెత్తిన ఏటవాలు గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ‘ఎ’, దాని పక్కన ఎండ డిగ్రీలకు పెట్టే బుల్లి సున్నా, ఆ జంటే మళ్లీ మళ్లీ. యూనికోడ్ అంటే ప్రపంచ లిపుల అక్షరాలకు నంబర్లిచ్చే పట్టిక. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా నంబర్లు ఇచ్చారు. ‘క’ నంబరు 3093. ఆ నంబర్లను ఫైలులో దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఒక్కో తెలుగు నంబరు మూడు బైట్లవుతుంది, బైటంటే 0 నుంచి 255 లోపు ఒక సంఖ్య. ‘క’ అయితే 224, 176, 149. మెటా లైను లేకపోతే బ్రౌజర్ ఆ మూడింటినీ మూడు విడి అక్షరాలనుకుని చదివేస్తుంది. 224 అంటే గీత ఉన్న ఆ ‘ఎ’, 176 అంటే ఆ బుల్లి సున్నా. కొన్నిచోట్ల సున్నా బదులు ప్లస్-మైనస్ గుర్తు కనబడితే అది 177. కొమ్ములు, పొల్లులు ఉన్నచోట వస్తుంది. అక్షరాలు మాత్రం ఫైలులో భద్రంగా ఉన్నాయి. హెడ్‌లో టైటిల్ కంటే ముందు మెటా చార్సెట్ యూటీఎఫ్-8 అన్న లైను పెట్టండి, పేజీ తెలుగవుతుంది. ముందే ఎందుకంటే, బ్రౌజర్ ఆ లైను కోసం ఫైలు మొదట్లోని 1024 బైట్లలోనే వెతుకుతుంది.

ఇక నాకు ఒళ్లు మండేది ప్రశ్నార్థకాలతో. బరంపురం గిరి రోడ్డు జెరాక్స్ షాపులో ఉండే పాత కంప్యూటర్ తీసుకోండి. దాంట్లో నోట్‌ప్యాడ్ మామూలుగా ‘ఆన్సీ’ అనే పద్ధతిలో సేవ్ చేస్తుంది. అందులో ఉన్నవి 256 గళ్లు, మన ‘క’ నంబరు 3093. ఎక్కడ కూర్చుంటుంది? కూర్చోదు. దాని చోట నోట్‌ప్యాడ్ 63 రాసేస్తుంది, అంటే ప్రశ్నార్థకం. ‘క’ అయినా 63, ‘ల’ అయినా 63. సుజాత అని కొట్టినా, రమేష్ అని కొట్టినా ఫైలులో ఉండేవి 63లే. వాటిని చూసి పేరేమిటో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఆ తర్వాత మీరు ఎన్ని మెటా లైన్లు పెట్టినా దండగే. పైన చెప్పిన డిగ్రీ గుర్తుల పేజీ మనకు చదవడం రాని లిపిలో ఉన్న తాళపత్రం. ఇది చెదలు తినేసిన తాళపత్రం. సేవ్ చేసేటప్పుడు ‘కొన్ని అక్షరాలు పోతాయి’ అని ఒక హెచ్చరిక వస్తుంది కూడా. అందరూ ఓకే నొక్కేస్తారు! నొక్కకండి. క్యాన్సిల్ చేసి, ‘సేవ్ యాజ్’కి వెళ్లి, కింద ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి. 2019 తర్వాతి విండోస్ 10లో కొత్త ఫైలుకు ఆ బాధ లేదు.

తేడా పట్టడం తేలిక. ఫైలును మూసి, మళ్లీ నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్కడ తెలుగు కనబడితే బ్రౌజర్ వైపు చూడండి. అక్కడా ప్రశ్నార్థకాలే ఉంటే మళ్లీ టైపు చేసుకోవడమే.

పర్లాకిమిడి మేష్టారుగారిది నాలుగో జబ్బు. డీటీపీ సెంటర్‌లో పాత ఫాంట్‌తో కొట్టించిన మేటర్‌ను అలాగే అతికించారు. అక్కడ ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే, ఫాంట్ వాటికి తెలుగు బొమ్మ తొడుగుతుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. కానీ ఒక పేజీకే అయితే మళ్లీ కొట్టుకోవడం నయం. నేనైతే అంతే చేస్తాను.

ఇప్పుడు అసలు పాఠం. ‘నేను కష్టపడే మనిషిని, కొత్త విషయాలు నేర్చుకోవడమంటే ఇష్టం’ అని మీలో చాలామంది రాశారు. ఇది ఎవరి పేజీలో అతికించినా సరిపోతుంది. ఊరు, సంవత్సరం, చేసిన పని రాయండి. నాది ఇలా ఉంది:

‘పుట్టింది బరంపురంలో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. చరిత్ర చదివాను. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసి, 1931లో గుణుపురం దాకా పొడిగించిన చిన్న రైలు మీద పరిశోధన చేశాను. దాని కాగితాలు వెతుక్కోవడానికి ఒక జాబితా పేజీ కట్టుకుంటే, జనం పరిశోధన సంగతి వదిలేసి ఆ పేజీ ఎలా కట్టావని అడిగారు. అలా వెబ్ డెవలపర్‌నయ్యాను. ఇప్పుడు జర్మనీలో హాలె అనే ఊళ్లో మ్యూజియంలకు వెబ్‌సైట్లు కడుతున్నాను. 1740ల్లో బెంజమిన్ షుల్జ్ అనే మత ప్రచారకుడు తెలుగు పుస్తకాలు అచ్చువేయించింది ఈ ఊళ్లోనే. ఇక్కడ ఆదివారం కొట్లు మూసేస్తారు, పెరుగు శనివారమే తెచ్చుకోవాలి. చలికాలంలో మనకంటే నాలుగున్నర గంటలు వెనక. సాయంత్రం నా పని అయ్యేసరికి అమ్మ పడుకుంటుంది, అందుకని భోజనాల వేళే మాట్లాడుకుంటాం.’

ఇందులో ఇంటి అడ్రసు లేదు, ఫోన్ నంబరు లేదు. జర్మనీలో వ్యాపారం కోసం నడిపే సైటులో పేరు, అడ్రసు చట్టప్రకారం పెట్టాలి. మీ సొంత పేజీకి ఆ గొడవ లేదు, పెట్టకండి.

ఒక చిన్న చరిత్ర చాదస్తం. ఒడిశా వేరే రాష్ట్రమైంది 1936 ఏప్రిల్ 1న. మా తాతగారు అంతకు ముందు పుట్టారు, అంటే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో. ఇల్లు మారలేదు, రాష్ట్రం మారింది. మీ పెద్దవాళ్ల గురించి రాస్తే ‘ఒడిశాలో పుట్టారు’ అనేసేముందు ఏ సంవత్సరమో కనుక్కోండి.

రంగులు, కదిలే అక్షరాలు నాకు నచ్చవు. మీరు పెట్టుకుంటే మీ ఇష్టం, నేను సాయం చేయను.

అభ్యాసం. మీ పరిచయం తెలుగులో ఒక పేరా, ఒడియాలో ఒక పేరా, రెండూ ఒకే ఫైలులో రాయండి. ఏ పేరా ఏ భాషో ‘లాంగ్’ గుర్తుతో చెప్పండి: తెలుగుకు టీ-ఈ, ఒడియాకు ఓ-ఆర్. చూపు లేనివాళ్ల కోసం పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ గుర్తును బట్టే గొంతు మారుస్తుంది. తర్వాత కాగితం మీద మీ పేరులోని మొదటి అక్షరానికి మూడు బైట్లూ కట్టండి. మొదటిది ఎప్పుడూ 224. నంబరును 64తో భాగించి, భాగఫలానికి 128 కలిపితే రెండోది, శేషానికి 128 కలిపితే మూడోది. ‘ల’ 3122: భాగఫలం 48, శేషం 50, కాబట్టి 224, 176, 178. ఒడియా పేరుకు కూడా కట్టండి, ఆ లిపి నంబర్లు 2816 దగ్గర మొదలవుతాయి.

ఈసారి ఫోటోలు వద్దు, ఫైలే పంపండి. 63లు ఉన్నాయో లేవో నేనే తెరిచి చూసుకుంటాను.