రాత్రి మనిషి ఇంటికి రాకపోతే: బండి మీద ఉన్నవాళ్ళకి ఆగకుండా ఫోన్ చేయొద్దు

పోయిన వారం మా వీధి చివరింటాయన విజయవాడ నుంచి వస్తూ, మంగళగిరి దాటాక ఆగి ఉన్న టిప్పర్‌ని వెనక నుంచి గుద్దుకున్నాడు. ప్రాణం దక్కింది. కుడి కాల్లో రాడ్లు వేశారు. బండి కింద దొరికిన ఫోన్ తెచ్చి ఎవరో ఆయన భార్య చేతిలో పెట్టారు. పగిలిన అద్దం మీద పదకొండు మిస్డ్ కాల్స్. పదకొండూ తనవే. పదకొండోది మోగుతుంటే ఎత్తుదామని జేబులో చెయ్యి పెట్టానని ఆయనే చెప్పాడు. ఆసుపత్రి వరండాలో ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని "నేనే చేశాను అక్కా" అంటూనే ఉంది.

తప్పు ఆమెది కాదు. వెనక లైటు లేకుండా రోడ్డు మీద బండి ఆపినవాడిది. ఆ మాట ఆమెకి పదిసార్లు చెప్పాను. కానీ ఈ సీజన్‌లో అలాంటి బండ్లు ఇంకా ఆగుతాయి, అందుకే రాస్తున్నాను. సంక్రాంతి దాటితే గుంటూరు యార్డుకి మిర్చి జోరుగా దిగుతుంది. టిక్కీల (మిర్చి బస్తాల) లారీలు, ట్రాక్టర్లు రాత్రంతా రోడ్డు మీదే ఉంటాయి. గుమాస్తాలు, కాటాల దగ్గర పనిచేసేవాళ్ళు ఏ వేళకి ఇల్లు చేరతారో వాళ్ళకే తెలియదు. అటు విజయవాడలో పండగ బేరాలు ముగిసి బీసెంట్ రోడ్డు కొట్లు కట్టేసరికి పొద్దుపోతుంది. పైన మంచు. హెల్మెట్ పెట్టుకోండి, తాగి నడపకండి అని మీకు నేను చెప్పక్కర్లేదు. ఇది ఇంట్లో గడియారం చూస్తూ కూర్చునేవాళ్ళ కోసం. ఎదురుచూసేది భార్య కావచ్చు, రాత్రి డ్యూటీ దిగి రావాల్సిన నర్సమ్మ భర్త కావచ్చు.

అందరం చేసే తప్పు

బండి మీద ఉన్న మనిషికి మళ్ళీ మళ్ళీ ఫోన్ చేయడం. ఒకసారి చేస్తే మోగి ఆగిపోతుంది, వాళ్ళు పట్టించుకోరు. నాలుగోసారి మోగితే ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకుంటారు. పిల్లాడికి జ్వరమా, అమ్మకి గుండెనొప్పా అని ఆలోచన అటు పోతుంది, చెయ్యి జేబులోకి పోతుంది. అరవై స్పీడులో ఉన్న బండి సెకనుకి 16 మీటర్లు పైనే పోతుంది. ఫోన్ తీసి పేరు చూడటానికి మూడు సెకన్లు అనుకోండి, 50 మీటర్లు చూడకుండా నడిపినట్టే. ఆ 50 మీటర్లలోనే టిప్పర్ ఉంది.

నేనూ ఈ పని చేసినదాన్నే. మూడేళ్ళ కిందట మా ఆయన పదింటికి రావాల్సిన మనిషి పన్నెండు దాటినా రాలేదు. కంచం మీద కంచం బోర్లించి పెట్టాను. పప్పుచారు మీద తెట్టు కట్టింది, అన్నం అంచులు ఎండి గట్టిపడ్డాయి. ఆ కంచం ముందే కూర్చుని నలభై మూడు సార్లు ఫోన్ చేశాను. నలభై నాలుగోసారి స్విచ్ఛాఫ్ అని వచ్చింది. ఆ మాట విన్నాక కాళ్ళల్లో సత్తువ లేదు. ఒంటిగంట నలభైకి గేటు గడియ చప్పుడైంది. చొక్కా నిండా రక్తం. ఆయనది కాదు. కాజ దగ్గర పడిపోయిన ఒక కుర్రాణ్ణి 108 వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండి, ఆసుపత్రిదాకా వెళ్ళి దించి వచ్చాడు. ఆ కుర్రాడి ఫోన్ నుజ్జయింది, వాళ్ళింటి నంబరు అతను చెబుతుంటే కొట్టాల్సింది మా ఆయన ఫోన్ నుంచే. కొట్టబోయిన ప్రతిసారీ నా కాల్ అడ్డొచ్చింది, ఉన్న కాస్త చార్జింగూ అలాగే అయిపోయింది. నేను ఇక్కడ ఏడుస్తూ కూర్చున్నందుకు, ఇంకో ఇంట్లో ఒక తల్లికి కబురు గంట ఆలస్యంగా అందింది.

మీ కాల్ మోగుతున్నంతసేపూ సాయం అడగాల్సిన ఫోన్ మీ కాల్‌కే సరిపోతుంటుంది. మీ లైను బిజీగా ఉన్నంతసేపూ మీకు కబురు చెప్పాలనుకున్నవాళ్ళకి మీరు దొరకరు.

పగలే కుదుర్చుకోవాల్సినవి

బయల్దేరేముందు "బయల్దేరా" అని ఒక్క మెసేజ్. ఏ దారో కూడా చెప్పాలి. విజయవాడ నుంచైతే కనకదుర్గ వారధి మీదుగా హైవేనా, ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు నుంచా. వెతకాల్సివస్తే మొదటి ప్రశ్న అదే. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ గంటకైనా, 8 గంటలకైనా పెట్టుకోవచ్చు. బయల్దేరేటప్పుడు గంటది పెడితే చాలు, ఇంట్లో ఉన్నవాళ్ళకి చుక్క కదలడం కనిపిస్తుంది. చుక్క ఆగిందంటే పడిపోయారని కాదు, సిగ్నల్ లేకపోయినా, చార్జింగ్ అయిపోయినా ఆగుతుంది. కారైతే ఫాస్టాగ్‌కి ఇంట్లో ఉండేవాళ్ళ నంబరు ఇవ్వండి, కాజ టోల్‌లో డబ్బు కట్ కాగానే మెసేజ్ వస్తుంది.

ఇంకోటి, ఇది కాస్త నొప్పిగానే ఉంటుంది. "ఇంకో గంట పడుతుంది" అని ఫోన్ చేసిన మనిషిని తిట్టకండి. నాలుగుసార్లు తిట్లు తిన్నవాళ్ళు అయిదోసారి ఫోన్ చేయరు, చెప్పకుండానే ఆలస్యంగా వస్తారు. మా ఇంట్లో జరిగింది అదే. ఆలస్యమని చెబితే "సరే" అనడం తప్ప ఇంకో మాట ఉండకూడదని ఇద్దరం ఒప్పుకున్నాకే మా ఆయన దగ్గర నుంచి ముందే మెసేజ్‌లు రావడం మొదలైంది.

టైము దాటాక

ఒక కాల్ చేయండి. ఎత్తకపోతే ఒక మెసేజ్: "ఇక్కడ అందరం బాగున్నాం. నెమ్మదిగా రా. ఆగినప్పుడు చెప్పు." ముందు మాట ముఖ్యం, ఇంట్లో ఏదో అయిందన్న కంగారు అక్కడే పోతుంది. వాట్సాప్‌లో దాని పక్కన రెండు టిక్కులు పడితే ఫోన్ ఆన్‌లో ఉంది, నెట్ అందుతోంది. రింగ్ పూర్తిగా మోగితే సంచిలోనో డిక్కీలోనో ఉండి ఉండొచ్చు. స్విచ్ఛాఫ్ అంటే ఎక్కువసార్లు చార్జింగే. రెండో కాల్‌కి ఇరవై నిమిషాలు ఆగండి. ఆ ఇరవై నిమిషాల్లో వాళ్ళకి కాకుండా మిగతా అందరికీ చేయండి: పనిచేసే చోటికి, కలిసి డ్యూటీ దిగేవాళ్ళకి, ఆ దారిలో ఉన్న చుట్టాలకి. ఈ నంబర్లు మీ దగ్గర లేకపోతే రేపు పొద్దున అడిగి రాసుకోండి. చాలామంది భార్యల దగ్గర భర్త ఆఫీసు నంబరు ఒక్కటీ ఉండదు, నా దగ్గరా ఉండేది కాదు.

గంట దాటింది, ఎవరికీ తెలియలేదు అంటే ఎమర్జెన్సీ నంబరు 112కి చేయండి. హైవే మీద అయితే హైవే హెల్ప్‌లైన్ 1033కి కూడా. 24 గంటలు ఆగితేగానీ పోలీసులకి చెప్పకూడదన్న రూలు ఏ చట్టంలోనూ లేదు. మంగళగిరి, తాడేపల్లి గుంటూరు జిల్లా పోలీసులవి, కృష్ణ దాటితే విజయవాడ కమిషనరేట్‌ది. మనిషి ఎక్కడున్నాడో తెలియనప్పుడు ఆ హద్దుల లెక్క మీకెందుకు? దగ్గర్లో ఉన్న స్టేషన్‌కి వెళ్ళండి.

బండి నంబరు గోడ క్యాలెండర్ మీద రాసి ఉంచండి. కంగారులో అది గుర్తురాదు.

పొద్దున ఏ రంగు చొక్కా, ఏ చీర అన్నది గమనించండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో, విజయవాడ కొత్త ప్రభుత్వాసుపత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో క్యాజువాలిటీ వాళ్ళని అడిగేటప్పుడు పేరు కంటే అదే పనికొస్తుంది. స్పృహలేని మనిషి పేరు చెప్పలేడు.

హెల్మెట్ లోపల కాగితం అంటించండి: పేరు, బ్లడ్ గ్రూపు, రెండు ఫోన్ నంబర్లు. లాక్ ఉన్న ఫోన్ పక్కవాళ్ళకి తెరుచుకోదు.

ఒంటరిగా వెతకడానికి బయల్దేరొద్దు. పిల్లల్ని స్కూటీ ముందు నిలబెట్టుకుని అసలే వద్దు. ఇద్దరు వెళ్ళాలి, ఒకరు ఇంట్లో ఉండాలి.

తెలియని గొంతు ఫోన్ ఎత్తితే ఏడవొద్దు, అరవొద్దు. ఎక్కడ, ఊపిరి తీసుకుంటున్నారా, 108కి చేశారా. ఈ మూడే అడగండి. హెల్మెట్ లాగొద్దని, నీళ్ళు పట్టొద్దని చెప్పండి. సాయం చేసినవాళ్ళు కేసుకి భయపడి తప్పుకోబోతే, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారని, తమ పేరు చెప్పమని వాళ్ళని ఎవరూ బలవంతపెట్టకూడదని చెప్పండి.

"మీ ఆయనకి యాక్సిడెంట్ అయింది, డబ్బు పంపండి" అన్న కాల్ వస్తే పంపొద్దు. ఆసుపత్రి పేరు అడిగి, ఆ ఆసుపత్రికి మీరే చేయండి.

అత్తగారికి, అమ్మకి అర్ధరాత్రి ఫోన్ చేసి ఏడవొద్దు. వాళ్ళూ అదే నంబరుకి చేయడం మొదలుపెడతారు. మళ్ళీ అదే తప్పు, ఈసారి ముగ్గురు కలిసి.

ఫ్యామిలీ గ్రూపులో పెట్టొద్దు. అదే కారణం.

బండి నడిపేవాళ్ళకి: ఫోన్ సైలెంట్‌లో, సంచిలో. ఆగాలనుకుంటే వెలుతురున్న బంకులో ఆగండి, హైవే మార్జిన్‌లో కాదు. ఆడవాళ్ళు మరీ.

మళ్ళీ చెబుతున్నా, ఎత్తకపోతే ఇరవై నిమిషాలు. చెయ్యి ఊరుకోకపోతే ఫోన్ పక్కింటివాళ్ళ చేతికివ్వండి.

మీ ఫోన్ చార్జింగ్ పెట్టండి. మీకు వచ్చే కాల్ ముఖ్యం.

స్టాండు వేసిన చప్పుడు విన్నాక గుమ్మంలో నిలదీయొద్దు. ముందు లోపలికి రానివ్వండి. మీరు ఎవరెవరికి చేశారో వాళ్ళందరికీ "వచ్చేశారు" అని చెప్పండి. 112కి చేసి ఉంటే వాళ్ళకీ చెప్పండి, మీ మనిషి కోసం ఆ రాత్రి ఇంకా ఎవరో హైవే మీద తిరుగుతూ ఉండొచ్చు.