పాత లేత్‌తో మొదటి నెల – 3వ పాఠం: మడ్డి తీయడం, నూనె పోయడం

పోయిన పాఠంలో లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే మెషిన్) చుట్టూ తిరిగి చూశాం. ఏ హ్యాండిల్ దేన్ని కదుపుతుందో రాసుకున్నాం, ఏదీ విప్పలేదు. ఈసారి చేతులు నల్లబడతాయి. ఇది ఒక్కపూటలో తేలే పని కాదు. మెషిన్ పొడవునా ఉండే ఇనుప పట్టాల బెడ్‌కీ, దాని మీద జరిగే క్యారేజ్‌కీ ఒక రోజు, చక్‌ని తిప్పే గేర్లున్న హెడ్‌స్టాక్‌కి ఒక పూట, క్యారేజ్‌ని నడిపే పొడవాటి లీడ్ స్క్రూకీ గేర్లకీ ఇంకో పూట పెట్టుకోండి. ఉత్సాహం కొద్దీ అన్నీ ఒకేసారి విప్పి నేలమీద పరిచారంటే, ఏ షిమ్ (సందు సరిచేసే పల్చని రేకు) ఎక్కడిదో తేలక నెలంతా అక్కడే పడి ఉంటాయి.

మొదలుపెట్టే ముందు పాఠం మొత్తం ఒకసారి చదవండి. హెడ్‌స్టాక్ నూనె గురించి కింద చెప్పబోయే ఒక పని ప్లగ్ పీకకముందే చేయాలి. అది అయ్యాక స్విచ్ ఆపి ఊరుకోవద్దు, ప్లగ్ పీకేయండి. నేరుగా వైరింగ్ ఉంటే మెయిన్ ఆపి ఫ్యూజ్ జేబులో వేసుకోండి. ఆ తర్వాత దేన్ని తిప్పాల్సి వచ్చినా చక్ (పని ముక్కను బిగించి పట్టే భాగం) పట్టుకుని చేత్తోనే.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. కిరసనాయిలు, రెండు పెయింటు బ్రష్షులు, పాత టూత్‌బ్రష్షు, బ్లేడు, దానికో పిడి, సన్నని రాగి తీగ, అయస్కాంతం, మూత ఉన్న గాజు సీసా, పీచు రాలని నూలు గుడ్డలు. పెట్రోలు మాత్రం వద్దు. కిరసనాయిలు ఆవిరికి నిప్పంటుకోవాలంటే అది సుమారు 38 డిగ్రీల సెల్సియస్‌కైనా వేడెక్కాలి. పెట్రోలుకి సున్నాకి 40 డిగ్రీలు కింద ఉన్నా చాలు. మండుటెండల్లో కిరసనాయిలు కూడా ఆ గీత దాటగలదు కాబట్టి తలుపులు తీసి పెట్టండి, నిప్పు దగ్గరికి రానివ్వకండి. తడిసిన గుడ్డల్ని మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి.

కంప్రెసర్ గాలి కూడా వద్దు. గాలి కొడితే రజను పోయినట్టే కనిపిస్తుంది. నిజానికి అది సాడిల్ (క్యారేజ్‌లో బెడ్ మీద కూర్చునే భాగం) కిందికీ బేరింగుల్లోకీ దూరి కూర్చుంటుంది.

బెడ్

చక్ కింద బెడ్ మీద ఒక చెక్క పలక వేయండి. జారిన స్పానర్ ఒక్కటి చాలు, ఎన్నేళ్లయినా పోని గాటు పెట్టడానికి. ముందు పొడి బ్రష్షుతో రజనంతా కిందికి, ట్రేలోకి దులపండి. క్యారేజ్ వైపు తోయకండి. ఆ తర్వాతే కిరసనాయిలు. ఎండి గట్టిపడిన పాత నూనె తేనె రంగులో లక్కలా పట్టి ఉంటుంది. దాన్ని గీకబోకండి. తడి గుడ్డ కప్పి అరగంట వదిలేస్తే దానంతటదే మెత్తబడుతుంది.

తుప్పు ఉన్నచోట నూనె రాసి, బ్లేడును దాదాపు పడుకోబెట్టి నెమ్మదిగా తోయండి. పైకి ఉబ్బిన తుప్పు ఊడివస్తుంది, కింద గోధుమరంగు మచ్చ మిగులుతుంది. ఆ మచ్చను వదిలేయండి, దానివల్ల పనికి ఏ నష్టమూ లేదు. అది కంటికి నచ్చక ఉప్పుకాగితం అందుకోవడం కొత్తవాళ్లందరూ చేసే పనే. ఆ కాగితం నుంచి రాలే గరుకు పొడి నూనెతో కలిస్తే, సాడిల్ కింద మనమే సానపిండి పోసినట్టవుతుంది. పైగా కొన్ని బెడ్‌ల మీదా స్లైడ్‌ల (క్యారేజ్ మీద జరిగే భాగాల) మీదా నెలవంకల్లాంటి సన్నని గీతలు ఉంటాయి. అవి అరుగుదల గుర్తులు కావు, కావాలని చేత్తో చెక్కినవి. నూనె నిలిచేది ఆ గుంటల్లోనే. మెరుపు కోసం వాటిని తుడిచేస్తే మళ్లీ తెచ్చుకోవడం కష్టం.

కిరసనాయిలు ఆరిందంటే ఇనుము ఒట్టిగా ఉన్నట్టే. తేమ గాలి ఉంటే తెల్లారేసరికి సన్నని ఎర్ర పొర కడుతుంది. అందుకే ఒక మూర మేర శుభ్రం చేసి, అక్కడ నూనె రాశాకే తర్వాతి మూరకి వెళ్లండి.

వైపర్లు

సాడిల్ నాలుగు చివర్లలో చిన్న రేకుల కింద ఫెల్టు (అదిమిన ఉన్ని) ముక్కలు ఉంటాయి, వైపర్లంటే ఇవే. చాలామంది వీటిని జీవితంలో ఒక్కసారీ విప్పరు. విప్పి చూస్తే నల్లగా, అట్టలా బిగుసుకుపోయి, లోపల మెరిసే రజను ముళ్లలా దిగబడి ఉంటుంది. బెడ్‌ని తుడవాల్సిన ఫెల్టు ఆ స్థితిలో బెడ్‌ని గీరుతుంది. కడిగితే మెత్తబడేదైతే కడగండి. లేకపోతే అదే కొలతకి ఉన్ని ఫెల్టు కత్తిరించి, రాత్రంతా నూనెలో నానబెట్టి బిగించండి. బెడ్‌ని కొంచెం నొక్కి పట్టేంత మందం ఉండాలి.

నూనె దారులు

ఈ పాఠానికి గుండెకాయ ఇదే. కారులో ఒకే నూనె ఫిల్టరు గుండా మళ్లీ మళ్లీ తిరుగుతుంది. పాత లేత్‌లో బెడ్‌కీ స్లైడ్‌లకీ స్క్రూలకీ అలాంటి ఏర్పాటు ఉండదు. పైనుంచి పోసిన నూనె రాపిడి జరిగే చోటు దాటి, అక్కడి మురికిని మోసుకుని అంచుల నుంచి కారిపోవాలి. జారేలా చేయడం దాని పనిలో సగమే. మిగతా సగం కడగడం. కింద ట్రే జిడ్డుగా ఉందని విసుక్కోకండి, జిడ్డు లేకపోతేనే అనుమానించాలి.

గ్రీజు వద్దనేది కూడా ఇందుకే. అది కారదు, ఉన్నచోటే ఉండి రజనును పట్టి ఉంచుతుంది. నా మొదటి లేత్‌కి ఉన్న చిన్న గుండు మూతల రంధ్రాలను గ్రీజు నిపుల్స్ అనుకుని, గన్‌తో ప్రతిదాంట్లో దట్టించాను. ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నానో అని మురిసిపోయాను కూడా. అది తీయడానికి ఏప్రన్ (క్యారేజ్ ముందువైపు వేలాడే గేర్ల పెట్టె) మొత్తం దించాల్సి వచ్చింది.

స్ప్రింగు మీద చిన్న ఉక్కు గుండు కనిపిస్తే అది నూనె రంధ్రమే. చుట్టూ తుడిచి, గుండుని రాగి తీగతో నొక్కి చూడండి, పైకి తిరిగి రావాలి. కొన్ని రంధ్రాలు పెయింటు కింద కూరుకుపోయి ఉంటాయి, వేలితో తడిమి వెతకాలి. మూసుకుపోయిన దారిలో మురికిని లోపలికి పొడవకండి. కొంచెం కిరసనాయిలు పోసి నానబెట్టి, తీగతో కెలికి పైకి లాగండి. తర్వాత నూనె పోసి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి. పోసిన చోట కాదు, అవతల బయటికొచ్చే చోట చూడాలి. మొదట నల్లగా వస్తుంది, తర్వాత బూడిదరంగులో, చివరికి పోసిన రంగులోనే వస్తుంది. అప్పుడే ఆ దారి తెరుచుకున్నట్టు. అవతల ఏమీ రాకపోతే ఆ రంధ్రానికి మీ నోట్‌బుక్‌లో ఒక గుర్తు పెట్టండి.

ఏ నూనె?

మెషిన్ మీద నూనెల పట్టిక రేకు ఉంటే దానిదే ఆఖరి మాట. లేకపోతే ఒక్కటి గుర్తుంచుకోండి: వేగంగా, ఇరుగ్గా తిరిగే చోట పల్చన, నెమ్మదిగా బరువుతో జారే చోట చిక్కన. బెడ్‌కీ స్లైడ్‌లకీ స్లైడ్‌వే ఆయిల్ 68 గ్రేడు వాడతారు. ఆ 68 అనేది 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని చిక్కదనం, సెంటీస్టోక్స్‌లో. దీంట్లో కలిపే జిగురు గుణం వల్ల నిలువు పక్కల నుంచి కూడా త్వరగా జారిపోదు. మామూలు నూనె రాసి స్లైడ్‌ని చాలా నెమ్మదిగా కదిపితే కాసేపు పట్టుకుని, హఠాత్తుగా గెంతుతుంది. ఆ గెంతులు తగ్గించడానికే ఈ నూనె.

కార్ల ఇంజన్ ఆయిల్ పోయొచ్చా అని అందరూ అడుగుతారు. బెడ్ మీద రాస్తే మెషిన్ పాడవదు, నూనె లేకుండా పొడిగా ఉంచడం కన్నా వెయ్యిరెట్లు మేలు. కానీ ఫిల్టరు లేని గేర్‌బాక్స్‌లో వద్దు. దాంట్లోని డిటర్జెంట్ మురికిని అడుగుకి దిగనివ్వకుండా తేలుస్తూ ఉంటుంది. కారులో అది మంచి గుణమే, పట్టుకునే ఫిల్టరు ఉంది కాబట్టి. ఇక్కడ ఆ మురికి గేర్ల మధ్యే తిరుగుతుంది. గంధకం ఘాటుగా ఉండే గేర్ ఆయిళ్లు కంచు బుష్‌లని తినేయగలవు, వాటికీ దూరంగా ఉండండి. డబ్బాల్లో వచ్చే పల్చని స్ప్రేలు తుడవడానికి సరే, బెడ్‌కి కందెనగా పనికిరావు.

హెడ్‌స్టాక్

చక్ చేత్తో తేలిగ్గా తిరుగుతూ, నూనె మట్టం చూపే గాజు కిటికీలో నూనె కనిపిస్తుంటేనే, ప్లగ్ పీకకముందు మెషిన్‌ని తక్కువ వేగంలో పది నిమిషాలు తిప్పండి. నూనె వేడెక్కి, అడుగున ఉన్న మురికి కదులుతుంది. ఆపి, కరెంటు తీసేసి, డ్రెయిన్ ప్లగ్ విప్పండి. మొదట వచ్చిన నూనె గాజు సీసాలో పట్టండి. మజ్జిగలా ఉంటే నీళ్లు చేరాయి. ఎండలో బంగారు పొడిలా మెరిస్తే కంచు అరుగుతోంది. అయస్కాంతానికి నల్లని మెత్తని పేస్టు పట్టడం పాత మెషిన్‌కి మామూలే, గోటికి తగిలే పెచ్చులు వస్తే మాత్రం ఏదో గేరు పన్ను విరుగుతుండవచ్చు.

లోపలి అడుగును గుడ్డతో తుడిచి, కొత్త నూనె కిటికీ మధ్య గీత దాకా పోయండి. ఎక్కువైతే గేర్లు చిలికి నురగ కడతాయి, వేడెక్కుతుంది, స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) దగ్గర కారుతుంది. పాత కిటికీ గాజుకి లోపల పట్టిన మరక సరిగ్గా నూనె గీతలాగే కనిపిస్తుంది. ఖాళీ గేర్‌బాక్స్‌ని నిండుగా ఉందనుకుని నడిపేది ఇలాగే. గాజు విప్పి తుడవండి.

మిగతావి చప్పున అయిపోతాయి. లీడ్ స్క్రూ గాడులని టూత్‌బ్రష్షుతో, చేత్తో తిప్పుకుంటూ తోమండి. గాడిలో దారం పెట్టి లాగేవాళ్లు కూడా ఉన్నారు. దాన్ని వేలికి చుట్టుకుని మోటార్ వేసే పని మాత్రం చేయకండి. చేంజ్ గేర్లు (లీడ్ స్క్రూ వేగం మార్చేవి) తిరిగి బిగించేటప్పుడు రెండింటి మధ్య మామూలు కాగితం ముక్క పెట్టి దగ్గరికి నెట్టి బిగించి, కాగితం తిప్పి తీసేయండి, సరిపడా సందు ఉంటుంది. హెడ్‌స్టాక్‌కి ఎదురు కొసన ఉండే టెయిల్‌స్టాక్ గొట్టం బయటికి లాగి, తుడిచి, నూనె రాసి లోపలికి పంపండి.

అంతా అయ్యాక క్రాస్ స్లైడ్ (క్యారేజ్ మీద అడ్డంగా జరిగే భాగం) మునుపటికన్నా వదులుగా అనిపించవచ్చు. మీరు పాడుచేయలేదు. ఇన్నాళ్లూ ఆ సందును మడ్డి నింపింది.

వచ్చే పాఠం దాకా మీ పని: రోజూ ఒకసారి నూనె పోసి, క్యారేజ్‌ని బెడ్ ఈ కొస నుంచి ఆ కొసకి పదిసార్లు నడపండి, వైపర్ ముందు పేరుకునే గీత ఏ రంగులో ఉందో రాసుకోండి. సీసాలోని పాత నూనెను పారబోయకుండా కదలని చోట పెట్టండి. వారానికి అడుగున ఏం దిగిందో చూసి, గిబ్‌లు (స్లైడ్‌ల సందు సరిచేసే పట్టీలు) బిగించడం మొదలుపెడదాం.