పొద్దున తలకు పోసుకున్నా సాయంత్రానికే జిడ్డు: చుండ్రు ఎందుకు పోవడం లేదు?

మా మెడికల్ షాపు కడపలో ఏడు రోడ్ల దగ్గర. కౌంటరు మీద నల్ల రాయి పరిచాం. దాని మీద తెల్లగా ఏం రాలినా దాగదు. మొన్న ఒక కుర్రాడు వచ్చి, హెల్మెట్ తీసి ఆ రాయి మీద పెట్టి, తల గోక్కుంటూ "అన్నా, చుండ్రుకు స్ట్రాంగ్‌గా ఏదన్నా ఇయ్యి" అన్నాడు. రాలినదాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూడమన్నాను. పొడిపొడిగా జారిపోలేదు. మైనంలా వేలికి అంటుకుంది, లేత పసుపు రంగులో ఉంది.

"నూనె పెడతావా?"

"రోజూ రాత్రి పెడతానన్నా. తల ఎండిపోయి పొట్టు లేస్తాందని మా అమ్మ కూర్చోబెట్టి మరీ రాస్తుంది."

సగం సంగతి అక్కడే తేలింది. షాంపూ కొనేముందు మీరు కూడా ఇంట్లో ఒకసారి ఇలా నలిపి చూడండి. ఏం కొనాలో, ఏం మానాలో దాన్నిబట్టే ఉంటుంది.

పొట్టు జిడ్డుగా ఉంది, వేలికి అంటుకుంటోంది

కారణం: తల చర్మంలో నూనె గ్రంథులు ఎక్కువ. ఆ నూనె మీద బతికే మలసీజియా అనే ఫంగస్ అందరి తలలోనూ ఉంటుంది, చుండ్రు లేనివాళ్లకు కూడా. తనకు కావాల్సిన కొవ్వును అది సొంతంగా తయారు చేసుకోలేదు, మన దగ్గరే తీసుకోవాలి. అది తినగా మిగిలే ఒలీయిక్ ఆమ్లం కొందరి చర్మానికి పడదు. దాంతో దురద పుడుతుంది. సుమారు నెల రోజులకు మారాల్సిన పైపొర తొందర తొందరగా ఊడి పెళ్లలుగా రాలుతుంది. చూసేవాళ్లకు తల ఎండిపోయినట్టు ఉంటుంది గానీ అక్కడ నూనెకేం కొదవ లేదు. దాని మీద రాత్రంతా కొబ్బరినూనె పట్టించి పడుకుంటే ఆ ఫంగస్‌కు పిలిచి భోజనం పెట్టినట్టే. ఈ మాట ఇళ్లలో పెద్దవాళ్లకు నచ్చదు. మా అమ్మ దగ్గరే నా మాట చెల్లలేదు, మీ ఇంట్లో ఎలా చెప్పుకుంటారో మీ ఇష్టం.

పరిష్కారం: ఒక నెల నూనె పూర్తిగా ఆపండి. కీటోకొనజోల్ 2 శాతం ఉన్న షాంపూ వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు వాడండి. మధ్య రోజుల్లో జిడ్డు అనిపిస్తే మామూలు షాంపూతో తలకు పోసుకోవచ్చు. రోజూ తలస్నానం చేస్తే నూనె ఇంకా ఊరుతుందని భయపడనక్కర్లేదు. చుండ్రు కొద్దిగానే ఉంటే జింక్ పైరిథియోన్ ఉన్న షాంపూ సరిపోతుంది, సీసా వెనక ఆ పేరు ఉందో లేదో చూసి కొనండి. పెళ్లలు మందంగా గట్టిపడి ఉంటే సాలిసిలిక్ యాసిడ్ ఉన్నది వాటిని మెత్తబరిచి ఊడదీస్తుంది. సెలీనియం సల్ఫైడ్ కూడా బాగానే పనిచేస్తుంది గానీ, అది వాడే రోజు చేతి ఉంగరాలు, చెవి పోగులు తీసి పక్కన పెట్టండి, రంగు మారతాయి. కోల్‌తార్ షాంపూ వాడితే చర్మం ఎండకు తట్టుకోదు. మే నెలలో కడప రోడ్ల మీద తిరిగేవాళ్లకు నేనైతే ఇవ్వను.

మందు మంచిదే అయినా వాడే పద్ధతి తప్పితే పని జరగదు. నెత్తిన పోసి, నురగ రాగానే రెండు చెంబులు గుమ్మరించుకుంటే ఫంగస్‌కు ఏమీ కాదు. ఇలా చేయండి. ముందు మామూలు షాంపూతో జిడ్డు వదిలించండి. తర్వాత మందు షాంపూ తీసుకుని, పాపిట పాపిటగా విడదీస్తూ వేళ్ల కొసలతో చర్మానికి పట్టించండి. గోళ్లు తగలకూడదు. జడ కొసల దాకా లాగాల్సిన పని లేదు, జబ్బు ఉన్నది కుదుళ్ల దగ్గర. పట్టించాక ఐదు నిమిషాలు వదిలేయండి. ఈలోపు ఒంటికి సబ్బు రుద్దుకోండి, అది అయ్యేసరికి టైం సరిపోతుంది. కనుబొమల్లో, ముక్కు పక్కన, చెవుల వెనక, గడ్డంలో కూడా పొట్టు లేస్తుంటే అదీ ఇదే జబ్బు. ఆ నురగే కళ్లలో పడకుండా అక్కడ కూడా రాసి కడిగేయండి.

ఆ కుర్రాడికి ఇంకొక మాట కూడా చెప్పాను. తడి జుట్టు మీద హెల్మెట్ పెట్టొద్దని, లోపలి మెత్త ఊడదీసి వారానికోసారి ఉతకమని. "దీన్ని కూడా ఉతకాలనా?" అని హెల్మెట్‌ను తిరగేసి చూశాడు. లోపలి స్పాంజి నల్లబడి చెమటకు గట్టిపడి ఉంది.

వాడినన్నాళ్లు బాగుంది, మానేయగానే మళ్లీ మొదలైంది

మందు పనిచేయలేదని సీసా వెనక్కి తెచ్చేవాళ్లు ఉంటారు. మందు పనిచేసింది. ఫంగస్ తల మీదే కాపురం ఉంటుంది, నూనె గ్రంథులూ అక్కడే ఉంటాయి. ఇది అదుపులో పెట్టుకునే జబ్బే తప్ప ఒకసారి వాడి వదిలించుకునేది కాదు. నెల తర్వాత పూర్తిగా మానేయకుండా, వారానికో రెండు వారాలకో ఒకసారి అదే షాంపూ వాడుతూ ఉండండి. టెన్షన్ పడినప్పుడు, నిద్ర చాలనప్పుడు కొంచెం ఎక్కువవుతుంది. పరీక్షల నెలల్లో మా షాపుకు వచ్చే హాస్టల్ పిల్లలే సాక్ష్యం.

గుండు సంగతి కూడా చాలామంది అడుగుతారు. తిరుమలకు తొలి గడప మన దేవుని కడపే కాబట్టి ఇక్కడ గుండ్లకు కొదవ లేదు. గుండు చేయించుకుంటే పొట్టు నిలవదు, మందు నేరుగా చర్మానికి తగులుతుంది. అంతవరకే లాభం. జుట్టు పెరిగాక చుండ్రూ తిరిగొస్తుంది. మొక్కు ఉంటే చేయించుకోండి, చుండ్రు కోసం అయితే వద్దు.

షాంపూ పెట్టినా జుట్టు బంకగానే ఉంటోంది

మీ బకెట్ అంచు చూడండి. తెల్లటి చార కట్టి ఉందా? గీజర్ కాయిల్ మీద సున్నంలా పేరుకుందా? ఎంత రుద్దినా సబ్బు నురగ రావడం లేదా? అయితే బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిసి తెట్టు కడుతుంది, ఆ తెట్టు జుట్టుకు పట్టుకుంటుంది. అనంతపురం, కర్నూలు పల్లెల్లో తాగే నీళ్లు వేరుగా, వాడుక నీళ్లు వేరుగా పెట్టుకునే ఇళ్లు ఎన్నో. తలకు పోసుకునేది మాత్రం ఆ ఉప్పు నీళ్లే.

నీళ్ల వల్లే చుండ్రు పుట్టదు. కానీ జిడ్డు సరిగ్గా వదలదు, దురద ఎక్కువవుతుంది. తలకు ఒంటి సబ్బు రుద్దడం మానేయండి. కుంకుడుకాయ రసం ఉప్పు నీళ్లలో కూడా తెట్టు కట్టదు, మన పెద్దవాళ్లు దాన్ని ఊరికే వాడలేదు. జిడ్డు వదిలించడానికి అది వాడుకోండి, ఫంగస్ పని మాత్రం మందు షాంపూకే వదిలేయండి. చివర్లో రెండు చెంబులు క్యాను నీళ్లతో కడుక్కుంటే తేడా చేతికే తెలుస్తుంది.

సన్నటి తెల్ల పొడి రాలుతోంది, జిడ్డు లేదు

చలికాలంలో చేతులు, కాళ్లు కూడా పగులుతుంటే అది ఉత్త పొడిదనం. మరీ వేడి నీళ్లు మానండి, ఘాటు షాంపూ మార్చండి. స్నానానికి అరగంట ముందు కొద్దిగా నూనె రాస్తే చాలు. ఈ ఒక్క విషయంలో అమ్మ మాటే కరెక్టు.

నిమ్మరసం మాత్రం ఎవరూ పిండుకోవద్దు. గోకి గోకి పుండు పడిన చోట అది భగ్గున మండుతుంది, ఆ తలతో ఎండలోకి పోతే చర్మం కమిలిపోతుంది.

చుండ్రు అనుకున్నది చుండ్రు కాకపోతే

తెల్లటి చుక్క వెంట్రుకకే అతుక్కుని, లాగినా జారకపోతే అవి పేల గుడ్లు. పొలుసు వెండి రంగులో మందంగా ఉండి, నుదుటి మీదికి దిగి, మోచేతుల మీద కూడా ఉంటే సోరియాసిస్ కావచ్చు. జుట్టుకు రంగు వేసిన రెండు మూడు రోజుల్లో దురద, వాపు, రసి మొదలైతే ఆ రంగు పడలేదని. నాలుగు వారాలు సరిగ్గా వాడినా తగ్గకపోతే చర్మం డాక్టరుకు చూపించండి.

"స్ట్రాంగ్‌గా ఇయ్యి" అన్నవాళ్ల చేతిలో కొన్నిచోట్ల క్లోబెటాసోల్ లోషన్ పెడతారు. అది స్టెరాయిడ్. రెండు రోజుల్లో దురద మాయమవుతుంది కాబట్టి సంబరంగానే ఉంటుంది, నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. డాక్టరు రాస్తేనే, ఆయన చెప్పినన్ని రోజులే వాడాలి.

చిన్నపిల్లల విషయం వేరు. బడికి పోయే ఏడెనిమిదేళ్ల పిల్లలకు తలలో నూనె అంతగా ఊరదు, వాళ్లకు చుండ్రు అరుదు. నెత్తిన గుండ్రంగా పొలుసు కట్టి, ఆ చోట వెంట్రుకలు కుదుళ్ల దగ్గర విరిగిపోయి ఉంటే అది తలకు పట్టిన తామర. అది షాంపూతో పోదు, డాక్టరు రాసిన మాత్రలు కొన్ని వారాలు మింగాలి. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది కాబట్టి ఆ పిల్ల దువ్వెన, టవలు, దిండు గలీబు ఆ రోజు నుంచే వేరుగా పెట్టండి. ఇంట్లో మిగతా పిల్లల తలలు కూడా వెలుతురులో ఒకసారి పాపిట తీసి చూడండి.