టవర్ సర్వరా, రాక్ సర్వరా? కొనే ముందు ఎలా తేల్చుకోవాలి?

సర్వర్ కొనాలి అనుకోగానే అందరూ ముందు అడిగేది ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అని. అది తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు తేలాల్సింది దాన్ని ఎక్కడ పెడతారు, దాని పక్కన ఎవరు కూర్చుంటారు అన్నది. టవర్ అంటే మామూలు డెస్క్‌టాప్ సీపీయూలా నిలబెట్టే పెట్టె, రాక్ సర్వర్ అంటే రాక్ అనే ఇనుప ఫ్రేములో అడ్డంగా బిగించే పల్చటి పెట్టె. టవర్‌లోనైనా రాక్‌లోనైనా లోపల ఉండే సరుకు చాలావరకు ఒకటే. ఉదాహరణకు డెల్‌లో టీ350 టవర్, ఆర్350 రాక్, రెండూ జియాన్ ఈ-2300 ప్రాసెసర్లతోనే వచ్చాయి, రెండింటిలోనూ చిన్న చిన్న తప్పుల్ని తానే సరిదిద్దుకునే ఈసీసీ ర్యామే. రాక్ అంటే పెద్ద కంపెనీల సర్వర్, టవర్ అంటే చిన్నాచితకా సర్వర్ అని చాలామంది అనుకుంటారు గానీ అది నిజం కాదు.

ఇది నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. కొన్నేళ్ల క్రితం ఒక మందుల హోల్‌సేల్ ఆఫీసుకి నేనే దగ్గరుండి ఒక 1యూ రాక్ సర్వర్ (అన్నిటికంటే సన్నటి సైజు) కొనిపించాను. పిజ్జా డబ్బాలా పల్చగా ఉంది, చూడ్డానికి బాగుంది, అకౌంట్స్ గదిలో ఒక మూల పెట్టాం. ఆన్ చేయగానే ఫ్యాన్లు ఒక్కసారిగా ఫుల్ స్పీడ్ అందుకున్నాయి, మిక్సీలో పప్పు రుబ్బుతున్నట్టు గదంతా ఒకటే మోత. కాసేపటికి తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, లోడ్ పెరిగినప్పుడల్లా మళ్లీ మొదలు. బిల్లింగ్ చూసే అమ్మాయి ఏ ఫోన్ వచ్చినా వరండాలోకి వెళ్లి మాట్లాడాల్సి వచ్చేది. తట్టుకోలేక స్టోర్ రూమ్‌కి మార్చాం. అక్కడ అట్టపెట్టెల దుమ్ము, ఏసీ లేదు, ఎండాకాలం వచ్చేసరికి రోజూ టెన్షనే. ఏడాది తిరక్కుండా దాన్ని తీసేసి టవర్ పెట్టాం. ఆ ఆఫీసు వాళ్లకి రెండుసార్లు ఖర్చయింది, అది కేవలం నేను గది చూడకుండా కొనిపించడం వల్లే. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ఈ వరసలోనే వెళ్లమంటాను.

1. ముందు గది చూడండి

సర్వర్ పెట్టబోయే చోట నిలబడండి. అక్కడికి నాలుగడుగుల్లో ఎవరైనా రోజంతా కూర్చుని పనిచేస్తున్నారా? అయితే 1యూ రాక్ సర్వర్ ఆలోచన అక్కడితో ఆపేయండి. ఒక యూ అంటే 1.75 అంగుళాలు, అంటే 44.45 మిల్లీమీటర్ల ఎత్తు. అంత సన్నటి పెట్టెలో 40 మిల్లీమీటర్ల ఫ్యాన్లే పడతాయి. అంత బుల్లి ఫ్యాన్లు కావలసినంత గాలి లాగాలంటే నిమిషానికి పది వేల చుట్లకు పైగానే తిరగాల్సి వస్తుంది, మోత వచ్చేది అక్కడే. టవర్‌లో పెద్ద ఫ్యాన్లు పడతాయి కాబట్టి నెమ్మదిగా తిరిగినా అదే పని అవుతుంది. 2యూ కొంత నయం కానీ దాన్నీ మనుషులు కూర్చునే గదిలో పెట్టమని నేను చెప్పను.

తలుపు వేసుకునే విడి గది, అందులో ఏసీ, రోజూ అటూ ఇటూ ఎవరూ తిరగని చోటు ఉంటేనే రాక్ గురించి ఆలోచించండి.

గది చూసేటప్పుడే ఇంకో విషయం. గ్రౌండ్ ఫ్లోర్ అయితే నీళ్ల సంగతి ఆలోచించండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు గ్రౌండ్ ఫ్లోర్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పై అంతస్తులో చోటుంటే అక్కడే పెట్టండి. లేదంటే కనీసం నేల మీద మాత్రం పెట్టకండి, రోజూ తడిబట్ట పెట్టి తుడిచే ఆఫీసులో టవర్ కింద ఆరంగుళాల పీటో స్టాండో ఉండాల్సిందే. ఏసీ ఇండోర్ యూనిట్‌కి సరిగ్గా కింద అసలు పెట్టొద్దు, డ్రెయిన్ పైపు పూడుకుపోయిన రోజు నీళ్లన్నీ దాని మీదే పడతాయి.

2. పెట్టెలు లెక్కపెట్టండి

ఇవాళ ఎన్ని ఉన్నాయి, మూడేళ్లలో ఎన్ని అవుతాయి. సర్వర్లు ఒక్కటే కాదు, నెట్‌వర్క్ స్విచ్, ఫైర్‌వాల్, సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె ఎన్‌వీఆర్, బ్యాకప్ కోసం పెట్టే ఎన్ఏఎస్, అన్నీ కలిపి. ఒక్క సర్వరే, అందులో ట్యాలీ, ఫైళ్లు, ఓ పదిహేను మంది యూజర్లు, ఇంతే అయితే టవర్ తీసుకోండి, ఆలోచించక్కర్లేదు. మూడు సర్వర్లు దాటుతాయి అనిపిస్తే రాక్ నయం. టవర్లు మూడు పక్కపక్కన పెడితే వాటి వెనక వైర్లు ఎలా అల్లుకుపోతాయో ఒకసారి చూసినవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు.

రెండు దగ్గర ఆగిపోయేవాళ్లదే అసలు ఇబ్బంది. వాళ్లకి నేను చెప్పేది, తర్వాత రాక్‌లోకి మార్చుకునే వీలున్న టవర్ చూడమని. హెచ్‌పీఈ ఎంఎల్350 లాంటివాటికి కన్వర్షన్ కిట్ దొరుకుతుంది, అడ్డంగా పడుకోబెట్టి రాక్‌లోకి ఎక్కించొచ్చు. నాలుగైదు యూల చోటు తింటాయి, అయినా కొన్న సొమ్ము వృథా పోదు.

ముందు ముందు సర్వర్‌ని డేటా సెంటర్‌లో పెట్టే ఆలోచన ఉంటే మాత్రం మొదటే రాక్ కొనండి. అక్కడ అద్దె మామూలుగా యూల లెక్కన కడతారు, టవర్ తీసుకెళ్తే 1యూ సర్వర్ కంటే ఎన్నో రెట్లు చోటుకి డబ్బు కట్టాలి.

3. టేపు పట్టి కొలవండి

రాక్ అనుకున్నాక అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. గోడకి బిగించే చిన్న నెట్‌వర్క్ రాక్ చాలా ఆఫీసుల్లో ఉంటుంది, 'రాక్ మా దగ్గర ఉందిగా' అంటారు. వెడల్పు సరిపోతుంది నిజమే, రెండూ 19 అంగుళాల స్టాండర్డే. లోతు సరిపోదు. ఆ గోడ రాక్ 450 నుంచి 600 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది, మామూలు 2యూ సర్వర్ దాదాపు 700 నుంచి 800 దాకా ఉంటుంది, వెనక పవర్ కేబుల్ వంగడానికి ఇంకో జానెడు కావాలి. అందుకే నేల మీద నిలబెట్టే 1000 మిల్లీమీటర్ల లోతు రాక్ అడగండి. పైగా డిస్కులన్నీ నింపిన 2యూ సర్వర్ పాతిక, ముప్పై కిలోలు తూగుతుంది, దాన్ని గోడకి వేలాడదీయడం ప్రమాదం కూడా.

రాక్ వెనక కూడా చోటు కావాలి. సర్వర్ ముందు నుంచి చల్లగాలి పీల్చి వెనక నుంచి వేడిగాలి వదులుతుంది. గోడకి ఆనించేస్తే ఆ వేడి తిరిగి ముందుకే వస్తుంది. మనిషి నిలబడి కేబుల్ పీకేంత, అంటే రెండడుగులైనా వదలండి. రాక్ తలుపు అద్దంది కాకుండా చిల్లుల జాలీది తీసుకోండి.

4. కరెంటు, వేడి లెక్క వేయండి

సగటున 300 వాట్లు తీసుకునే సర్వర్ 24 గంటలూ నడిస్తే రోజుకి 7.2 యూనిట్లు, నెలకి 216. అది తిన్న కరెంటంతా వేడిగా గదిలోకే వస్తుంది, గంటకి సుమారు 1,020 బీటీయూ (వేడిని కొలిచే లెక్క). ఒక టన్ను ఏసీ 12,000 బీటీయూ లాగుతుంది కాబట్టి ఒక సర్వర్ దానికి లెక్కే కాదు. మరి ఇబ్బంది ఎక్కడంటే, రాత్రి ఆఫీసు మూసేటప్పుడు ఎవరో అలవాటుగా ఏసీ ఆపేసి వెళ్తారు. సర్వర్ లోపలికి పోయే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలన్నది డేటా సెంటర్ల వాళ్లు పాటించే యాష్రే (అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంఘం) సిఫార్సు. మే నెలలో మూసిన గదిలో ఏసీ లేకుండా అది కుదరదు. నాలుగైదు పెట్టెలున్న రాక్‌కి రెండు ఏసీలు, వంతులవారీగా నడిపే టైమర్ పెట్టించండి. గాలి ఆడే గదిలో ఉన్న ఒంటరి టవర్ కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది, చిన్న ఆఫీసుకి అదే పెద్ద లాభం.

ఇంట్లో వాడే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద సర్వర్ పెట్టకండి, కరెంటు పోయినా క్షణం కూడా ఆగకుండా ఇచ్చే ఆన్‌లైన్ యూపీఎస్ కావాలి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ చూపించమనండి, మూడు వోల్టుల లోపు ఉండాలి. రెండు పవర్ సప్లైలున్న సర్వర్ అయితే రెండు వైర్లూ ఒకే బోర్డులో గుచ్చొద్దు, అప్పుడు రెండో దానికి ఇచ్చిన డబ్బు దండగ.

5. డిస్కులు ఎన్ని కావాలి?

1యూలో 3.5 అంగుళాల డిస్కులు మామూలుగా నాలుగే పడతాయి, 2యూలో ముందు వైపు పన్నెండు దాకా. టవర్‌లో మోడల్‌ని బట్టి నాలుగు నుంచి ఎనిమిది, ఆపైన కూడా ఉంటాయి. స్కానింగ్ సెంటర్, ఫొటో ల్యాబ్ లాంటి వాళ్లకి ఇది ముఖ్యం. మిగతావాళ్లు రెండు ఎస్ఎస్‌డీలు రెయిడ్ 1లో (ఒకే డేటా రెండిట్లోనూ పడేలా) వేసుకుంటే చాలు, బ్యాకప్ మాత్రం విడిగా ఉండాలి, రెయిడ్ బ్యాకప్ కాదు.

సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో పాత 2యూలు ఊరించే ధరకి దొరుకుతాయి. గది, రాక్, ఏసీ ఇప్పటికే ఉన్నవాళ్లకి మంచి బేరమే. లేనివాళ్లు అవి మూడూ కలిపి లెక్కేసుకుని చూడండి.

6. కొటేషన్‌లో ఇవి రాయించండి

రాక్ అయితే రెయిల్స్, అంటే సర్వర్‌ని రాక్‌లోకి జారించి నిలిపే పట్టాలు, కలిపి ఇస్తున్నారా అని అడగండి, చాలాసార్లు అవి విడిగా ఆర్డర్ చేయాల్సిందే. కేజ్ నట్లు, స్క్రూలు, పీడీయూ (రాక్‌లోని పెట్టెలన్నిటికీ కరెంటు పంచే ప్లగ్గుల పట్టీ) కూడా రాయించండి. పవర్ కార్డ్ ఏ రకమో తప్పకుండా చూడండి. రాక్ సర్వర్లతో తరచు వచ్చేది సీ13-సీ14 కార్డ్, పీడీయూకి తప్ప మన గోడ ప్లగ్గుకి ఎక్కదు. సర్వర్ వచ్చింది, ఇంజనీర్ వచ్చాడు, కార్డ్ లేక అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డ మధ్యాహ్నం ఒకటి నాకు బాగా గుర్తు. వారంటీ ఆన్‌సైటా కాదా, మీ పిన్‌కోడ్‌కి మర్నాడే మనిషి వస్తాడా అన్నది మాటగా కాకుండా కాగితం మీద ఉండాలి.

7. వచ్చిన రోజు

రాక్‌లో బరువైనవి కిందకి, యూపీఎస్ అన్నిటికంటే అడుగున. 2యూ ఎత్తేటప్పుడు ఇద్దరు పట్టుకోండి, పెట్టె రెయిల్స్‌లోకి ఎక్కేదాకా చేతులు వదలొద్దు. టవర్ అయితే లాక్ వేసే టేబుల్ కిందో క్యాబినెట్‌లోనో పెట్టాలనిపిస్తుంది, పెట్టండి, వెనక, ముందు గాలి ఆడితేనే. ఆన్ చేశాక ఒక అరగంట నడవనివ్వండి, తలుపు వేసి బయట కూర్చుని వినండి, డెలివరీ చలాన్ మీద సంతకం ఆ తర్వాతే. ఇంజనీర్ వెళ్లేలోపు ప్రతి కేబుల్‌కి రెండు చివరలా పేరు అంటించి, వెనక వైపు ఫొటో ఒకటి తీసి ఫోన్‌లో పెట్టుకోండి.