స్థావరానికి కాపలా కాసినవారి చరిత్ర రాసేటప్పుడు

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బాబాయి డీఎస్సీ, అంటే రక్షణ భద్రతా దళం తరఫున వైమానిక స్థావరానికి కాపలా కాశారు. అలాంటివారి చరిత్ర రాయాలంటే ముందు డిశ్చార్జి పుస్తకం, అంటే సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే వివరాల పుస్తకం చూడండి. ఈ దళంలో ఎక్కువమంది సైన్యం నుంచి రిటైరై మళ్లీ చేరినవారే. రెండు సర్వీసులనూ కలిపేయకండి. 1947లో ఏర్పడిన దళానికి ఇప్పటి పేరు 1958లో వచ్చింది. పాత కాగితాల్లో వేరే పేరుంటే తికమకపడవద్దు.

“విశేషాలేమిటి బాబాయ్?” అంటే “ఏమీ జరగలేదమ్మా” అంటారు. అక్కడ ఆపకండి. రాత్రి గస్తీ, కంచె, గేటు రిజిస్టరు, ఒక్కొక్కటీ అడగండి. 2016 జనవరిలో పంజాబ్‌లోని పఠాన్‌కోట్ వైమానిక స్థావరంపై ఉగ్రవాదులు దాడి చేసినప్పుడు ఐదుగురు డీఎస్సీ జవాన్లు ప్రాణాలిచ్చారు. సిపాయి జగదీశ్ చంద్ ఆయుధం లేకుండానే ఒక ఉగ్రవాదిని మట్టుబెట్టారు. ఈ కాపలా విలువ తెలియాలంటే అది తప్పక రాయాలి.

ఇప్పటి కాపలా ఏర్పాట్లు, స్థావరం పటాలు మాత్రం రాయకండి.