చిల్లరలో పాత నాణేల వేట – 3వ పాఠం: ఏడాది కింద గుర్తు

పోయిన పాఠంలో అయస్కాంతంతో రూపాయి బిళ్లలను రెండు కుప్పలు చేశాం. అంటుకున్నవి 1992 నుంచి వచ్చిన స్టీలువి, అంటుకోనివి అంతకుముందున్న రాగి–నికెల్‌వి. ఆ రెండు కుప్పలనూ దగ్గర పెట్టుకోండి. ఈసారి ఒక చిన్న భూతద్దం, పగటి వెలుతురు ఉంటే చాలు.

ప్రతి నాణెం మీదా ఏడాది ఉంటుంది కదా, సరిగ్గా దాని కింద చూడండి. ఆ నాణెం ఏ టంకశాలలో, అంటే నాణేలు తయారుచేసే ఏ చోట, తయారైందో అక్కడి గుర్తు చెబుతుంది. చిన్న డైమండ్ ఆకారం కనిపిస్తే ముంబై టంకశాల, చుక్క ఉంటే నోయిడా. అక్కడ ఏమీ లేకపోతే కోల్‌కతా. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు గుర్తు లేదని నాణేన్ని పక్కన పడేస్తుంటారు. అలా చేయకండి, లేకపోవడమే కోల్‌కతా గుర్తు. నోయిడా టంకశాల 1988లో మొదలైంది కాబట్టి అంతకు ముందు ఏడాదుల నాణేల మీద ఆ చుక్క కోసం వెతకనక్కర్లేదు.

ఐదు కొసల నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్. నాకు అన్నిటికన్నా ఇష్టమైన గుర్తు ఇదే. నిజాం కాలం నాటి ఈ టంకశాల 1903లో సైఫాబాద్‌కు మారింది, ఆ చోటును జనం ఇప్పటికీ మింట్ కాంపౌండ్ అనే అంటారు. 1997లో చర్లపల్లికి తరలింది. అందుకే 1995 నాటి నక్షత్రం రూపాయి దొరికితే అది సైఫాబాద్‌లో తయారైందని, 2003 నాటిది చర్లపల్లిదని ఇట్టే చెప్పేయొచ్చు.

గుర్తు ఏదో చూస్తే సరిపోదు, ఎక్కడ ఉందో కూడా చూడాలి. 1985లో చిల్లరకు కరువొచ్చి ప్రభుత్వం కొన్ని నాణేలను విదేశాల్లో చేయించింది. ఆ ఏటి రూపాయి మీద డైమండ్ గుర్తు ఏడాది నడుమ కాకుండా మొదటి అంకె ‘1’ కింద ఉంటే అది ముంబైది కాదు, బ్రిటన్ రాయల్ మింట్‌ది. అదే ఏటి అర్ధ రూపాయి మీద నక్షత్రం మొదటి అంకె కింద ఉంటే కొరియాది. ‘హెచ్’ అక్షరం ఉన్న 1985 రూపాయి బర్మింగ్‌హామ్ నుంచి వచ్చింది. ఇవి కొట్లో ఇచ్చే చిల్లరలో ఇప్పుడు అరుదుగానే తగులుతాయి. ఇంట్లో పాత డబ్బాలు, పిల్లల హుండీలు కుమ్మరిస్తే దొరికే అవకాశం ఎక్కువ.

విదేశీ గుర్తు కనబడగానే లక్షలొస్తాయని ఆశపడకండి. ఫోన్లో తిరిగే అలాంటి ప్రకటనలు చాలావరకు మోసాలే. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని ఫీజులు అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకు 2021లో హెచ్చరించింది. ధర పలకాలంటే నాణెం అరిగిపోకుండా ఉండాలి, అలాంటివి తక్కువగా మిగిలి ఉండాలి, కావాలనేవాళ్లూ ఉండాలి. చింతపండుతో తోమితే మాత్రం ఉన్న విలువ కూడా పోతుంది. మట్టి అంటితే మంచినీళ్లలో ముంచి తీసి, రుద్దకుండా మెత్తటి గుడ్డ మీద ఆరనివ్వండి, అంతే.

ఈ వారం అభ్యాసం: స్టీలు రూపాయల్లో ఏదైనా ఒక్క ఏడాదిని ఎంచుకుని, వీలైనన్ని టంకశాలల బిళ్లలు పోగు చేయండి. ఆ ఏడాది నాలుగు చోట్లా తయారు కాకపోయి ఉండొచ్చు, అందుకని రెండు కుదిరినా చాలు. ఒక్కోదాన్ని చిన్న కాగితపు కవరులో వేసి, పైన ఏడాది, టంకశాల, దొరికిన చోటు పెన్సిల్‌తో రాయండి. వచ్చే పాఠంలో 1982 ఆసియా క్రీడలు, 1989 నెహ్రూ శతజయంతి లాంటి స్మారక నాణేలు చూద్దాం. మీ డబ్బాలో బొమ్మ తేడాగా ఉన్నవి కనబడితే ఖర్చు పెట్టకుండా వేరుగా తీసి పెట్టుకోండి.