రెండు సంస్థల బస్సులకు ఒకే కార్డు వాడేటప్పుడు

నేను ఆఫీసుకు వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. ఒకటి ఒక సంస్థది, రెండోది ఇంకో సంస్థది. రెండు పాసులు మోసే గోల తప్పిందని సంబరంగా, బస్సులో ఉండే రీడర్ మెషీన్‌కి బ్యాంకు కార్డు ఆనించి ఛార్జీ కట్టడం మొదలుపెట్టాను. నెలాఖరుకి బ్యాంకు ఖాతా చూస్తే అనుకున్నదానికంటే ఎక్కువే పోయింది.

తప్పు నాదే. పొద్దున ఫోన్ ఆనించేవాణ్ణి. సాయంత్రానికి ఛార్జింగ్ అయిపోతే పర్సులోంచి కార్డు తీసేవాణ్ణి. రెండూ ఒకే ఖాతావే కదా అనుకున్నా. కానీ కార్డుని ఫోన్‌లో ఎక్కిస్తే దానికి వేరే నంబరు వస్తుంది. లెక్క వేసే కంప్యూటర్‌కి పొద్దున ఎక్కింది ఒకరు, సాయంత్రం ఎక్కింది ఇంకొకరు. ఎన్నిసార్లు ఎక్కినా రోజుకి ఇంతకు మించి తీసుకోరనే పరిమితి ఇద్దరికీ విడివిడిగా లెక్కవుతుంది, మనం ఏ ఒక్కదాన్నీ అందుకోలేం. కాబట్టి ఫోనో, వాచీయో, కార్డో ఒకటి ఎంచుకుని రోజంతా దాన్నే వాడండి. పర్సు తెరవకుండా రీడర్‌కి ఆనించొద్దు, అందులో రెండు కార్డులుంటే ఏది పట్టుకుంటుందో చెప్పలేం.

అసలు మొదట చూసుకోవాల్సింది వేరే ఉంది. కార్డు పనిచేయడం వేరు, లెక్కలు కలవడం వేరు. రెండు బస్సుల్లోనూ బీప్ అన్నంత మాత్రాన రెండు ఛార్జీలూ ఒకే పరిమితి కిందకి వస్తాయని కాదు. వేర్వేరు సంస్థల ఛార్జీలు కలిపి ఒకే పరిమితి కింద లెక్కేసే ఉమ్మడి పథకంలో ఏయే సంస్థలున్నాయో ఆ పథకం సైట్లో చూడండి. ఉమ్మడి పరిమితి సాధారణంగా ఒక్క సంస్థ పరిమితి కంటే ఎక్కువే ఉంటుంది. మీరెక్కే బస్సులన్నీ ఒకరివే అయితే దాని జోలికి పోనక్కర్లేదు.

దిగేటప్పుడు కూడా ఆనించాలా అన్నది ఊరిని బట్టి ఉంటుంది. లండన్ బస్సుల్లో ఎక్కేటప్పుడు ఒక్కసారి చాలు. సింగపూర్‌లో దూరాన్ని బట్టి ఛార్జీ కాబట్టి దిగేటప్పుడూ ఆనించాలి, మర్చిపోతే ఎక్కువ పడుతుంది. మళ్లీ ఛార్జీ పడకుండా బస్సు మారడానికి ఇచ్చే గడువు కూడా ఊరిని బట్టే. లండన్‌లో మొదటి బస్సులో ఆనించిన క్షణం నుంచి గంట. దిగినప్పటి నుంచి లెక్కేసుకుంటే దెబ్బతింటారు.

బ్యాంకు కార్డుతో ఎక్కితే బీప్ వినగానే మెసేజ్‌లో కనిపించే మొత్తం చూసి టెన్షన్ పడొద్దు. అది కార్డు చెల్లుతుందో లేదో చూడటానికే కావచ్చు. రోజంతా ఆనించినవన్నీ కూడి, పరిమితి దాటింది తీసేసి, అసలు మొత్తం తర్వాత పడుతుంది.

తేడా వస్తే బస్సు డ్రైవర్‌ని అడిగి లాభం లేదు. ఆ సంస్థని అడిగితే రెండో సంస్థని అడగమంటుంది, నాకు వారం అలాగే గడిచింది. లెక్కలు కలిపే ఉమ్మడి పథకం వాళ్లకే నేరుగా రాయండి. తేదీ, టైమ్, రూట్ నంబర్, కార్డు చివరి నాలుగు అంకెలు ఇవ్వండి. ఫోన్ వాడి ఉంటే మాత్రం ప్లాస్టిక్ కార్డు మీదున్న అంకెలు కాదు, ఫోన్‌లో కార్డు వివరాల్లో కనిపించేవి.